గోళ్ళ రంగు కంటే ముందు నేర్వవలసినది

వేసవి సెలవులలో కుట్లు, అల్లికలు నేర్చుకొన్నట్లే ఇప్పుడు ఆడపిల్లలు మానిక్యూర్ నేర్చుకొంటున్నారు. అది తప్పని నేననను. చేతులను శుభ్రంగా ఉంచుకొనడం విలాసమేమీ కాదు. పక్షానికి మూడుమార్లు గోళ్ళు తీయాలన్న నియమం చరక సంహిత సూత్రస్థానంలోనే ఉన్నది. నా అభ్యంతరమల్లా నేర్పే వరుసను గురించి. రంగు వేయడం, కత్తెర పట్టడం ముందు నేర్పి, చర్మాన్ని గురించి ఒక్క మాటైనా చెప్పకుండా పంపివేస్తే ఆ విద్య ఎవరికి మేలు?

మా అన్నయ్య కుమార్తె ఒకచోట రెండు వారాల శిక్షణ ముగించుకొని వచ్చి, "అత్తయ్యా, ముందు మీ చేతులే" అన్నది. వేళ్ళను వేడినీటిలో నానబెట్టించి, గోటి మొదట్లో అంటుకొని ఉండే పలుచని చర్మపు అంచును సన్నని కత్తెరతో చుట్టూ తీసివేసింది. చూడడానికి ఎంతో నీటుగా ఉన్నది. మూడవనాటికి కుడిచేతి మధ్యవేలు ఎర్రబడి, వాచి, రాత్రంతా సలిపింది. గోరుచుట్టు! ఇంటిల్లిపాదీ కలిసి నిమ్మకాయకు రంధ్రం చేసి వేలికి తొడిగారు. ఆ చల్లదనం కాస్త హాయినిస్తే ఇవ్వవచ్చును గాని, లోపల చేరిన చీమును నిమ్మకాయ తీయలేదు. వైద్యుని వద్ద గాటు పెట్టించుకొనక తప్పలేదు. నన్ను భయపెట్టినది నా వేలు కాదు. వరుసలో నా తరువాత కూర్చోవలసినవారు మా అత్తగారు. ఆమెకు ఇరవై ఏళ్ళుగా మధుమేహం.

ఆ పలుచని అంచు మురికి కాదు, అనవసరమైన చర్మమూ కాదు. గోటికి, చర్మానికి నడుమనున్న సందును మూసి ఉంచే ముద్ర అది. దానిని తెంచితే నీరు, సూక్ష్మక్రిములు నేరుగా లోపలికి పోతాయి. రోజంతా అంట్లు తోముతూ, బట్టలు ఉతుకుతూ తడిచేతులతో ఉండే గృహిణులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి పుండు త్వరగా మానదు. గోటి దగ్గర పుట్టే ఈ బాధను సుశ్రుతుడు 'చిప్పము' అని పేర్కొని క్షుద్రరోగాలలో చేర్చాడు. పేరు క్షుద్రమే గాని, అనుభవించినవారికి తెలుస్తుంది దాని సంగతి!

కనుక మొదటి పాఠం చూపు. చేతిని పగటి వెలుగులో పట్టుకొని పరిశీలించాలి. గోళ్ళు చెంచావలె గుంటపడితే ఇనుము లోపించినదేమోనని రక్తపరీక్ష చేయించాలి. వేళ్ళ కొనలు ఉబ్బి గోళ్ళు గుండ్రంగా వంగుతుంటే ఊపిరితిత్తులను, గుండెను చూపించుకోవాలి. ఒక్క గోటిలోనే కొత్తగా నల్లని చార పుట్టి వెడల్పవుతూ ఉంటే దానిపై రంగు వేయరాదు; చర్మవైద్యునికి చూపాలి. తెల్లని చుక్కలు మాత్రం సాధారణంగా చిన్న దెబ్బల గుర్తులే. వాటికి కాల్షియం మాత్రలు మింగనక్కరలేదు.

రెండవ పాఠం నూనె. నువ్వులనూనెను గోరువెచ్చగా కాచి, ముందు మీ ముంజేతిపై ఒక చుక్క వేసి వేడి చూసుకోవాలి. మధుమేహం వల్ల చేతుల స్పర్శ తగ్గినవారికి వేడి తెలియక చర్మం కాలవచ్చును. మణికట్టు నుండి అరచేతికి, అక్కడి నుండి ఒక్కొక్క వేలికి, కీళ్ళ వద్ద గుండ్రంగా, చేతికి ఐదు నిమిషాలు మర్దన చేయాలి. గోటి మొదట్లో ఒక చుక్క నూనె నిలిపితే ఆ చర్మపు అంచు తానే మెత్తబడుతుంది, కత్తెరతో పని ఉండదు. తరువాత పెసరపిండితో జిడ్డు తీసి, వేళ్ళ సందులు కూడా పొడిగా తుడవాలి. స్నానానంతరం మెత్తబడిన గోళ్ళను మరీ లోతుకు పోకుండా తిన్నగా కత్తిరించి, ఆరిన తరువాత మూలలను ఒకే దిశలో అరగదీయాలి.

పనిముట్లు ఎవరివి వారికే ఉండాలి. హెపటైటిస్-బి వైరస్ శరీరం వెలుపల 7 రోజుల వరకు బ్రతికి ఉండగలదు. కంటికి కనిపించని నెత్తురు చాలు. నిమ్మచెక్క రుద్దుకొని ఎండలోకి పోతే చర్మం బొబ్బలెక్కి నల్లబడుతుంది. ఇక గోరింట సంగతి: రోట్లో రుబ్బిన ఆకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండే కోను దొరికితే అందులో జుట్టుకు వేసే రంగు కలిసి ఉండవచ్చును. దానిని పిల్లల చేతులకు పెట్టకండి.

మా మేనకోడలు ఇప్పుడు ప్రతి ఆదివారం మా అత్తగారి చేతులకు నూనె రాస్తున్నది. "మామ్మగారూ, వేడి ఎక్కువైనదా?" అని అడుగుతూనే తన ముంజేతిపై మరొకసారి చూసుకొంటుంది. నా మధ్యవేలి గోటిపై ఆ గోరుచుట్టు ఒక అడ్డుగీతను మిగిల్చింది. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లే పెరుగుతుంది గనుక, ఆ గీత కొనకు చేరేసరికి దాదాపు ఆరు నెలలు పట్టింది. దానిని కత్తిరించినది కూడా ఆ పిల్లే.