కాగితం కాలినా హక్కు నిలవాలంటే

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. సరిగ్గా ఇరవై రోజుల ముందు, జూలై 1న, పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. అసలు పత్రం నాశనమైతే ఇతర ఆధారాలతో రుజువు చేసుకునే వీలును పాత చట్టంలో 65వ సెక్షన్, కొత్తదానిలో 60వ సెక్షన్ కల్పిస్తాయి. అప్పటికే నడుస్తున్న దావాకు మాత్రం పాత చట్టమే. వాల్మీకిపురం కోర్టు మెట్లెక్కే రైతుకు ఈ తేడా వెతికి చెప్పగలగడమే న్యాయ పరిశోధన. లా డిగ్రీ ఫలితాన్ని ఉద్యోగాల లెక్కతో కాక ఈ సామర్థ్యంతోనే కొలవాలి.

తీర్పులన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి కదా అంటారు కొందరు. నిజమే, సుప్రీంకోర్టు 2023 నుంచి తన తీర్పులను ఈ-ఎస్‌సీఆర్ పోర్టల్‌లో ఉచితంగా ఇస్తోంది. కానీ దొరికిన తీర్పు నేటికీ చెల్లుతుందా, మన కేసు వాస్తవాలకు అతుకుతుందా అన్నది ఫోన్ తేల్చదు. సీనియర్ దగ్గర అన్నీ వస్తాయన్నది మరో మాట. కోర్టు నడవడిక అక్కడే వస్తుంది, కాదనలేం. అయితే వకీళ్లు లేని ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు మంచి సీనియర్ దొరకడం అదృష్టం మీద ఆధారపడకూడదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పాక, ఆ మూడేళ్లకు పునాది తరగతిలోనే పడాలి.

విశ్వవిద్యాలయాలకు మా విన్నపం ఒక్కటే: ప్రతి విద్యార్థి చేత ఒక సర్వే నంబరు చరిత్రను అడంగల్, పొలం కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ), ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లలో వెతికించి, దానికి వర్తించే చట్టాన్ని రాయించండి.