మణికట్టా? మోచెయ్యా?

మా జహీరాబాదు కళాశాలలో నా తెలుగు తరగతికి వచ్చే ఒక పిల్ల, కత్తిసాము నేర్చుకుంటానని ఇంట్లో మొండికేసింది. తండ్రి నా దగ్గరకు వచ్చి, "ఆడపిల్లకు కత్తెందుకు సార్? జర మీరన్నా చెప్పుండ్రి" అన్నాడు. సరేనన్నాను. ఎర్రసిరా కలం తప్ప మరో ఆయుధం పట్టనివాణ్ణి. చెప్పేముందు నాలుగు పుస్తకాలు తిరగేశాను. అక్కడే వచ్చింది చిక్కు!

ఆ పిల్ల కోరుతున్నది సేబర్ అనే కత్తి. పూర్వం గుర్రపురౌతులు వాడిన కత్తికి అది వారసురాలు. పందొమ్మిదో శతాబ్దిలో ఇటలీలో దీనిమీద పెద్ద వాదమే నడిచింది. మిలానులో జుసెప్పె రడయెల్లి అనే గురువు, కత్తిని మణికట్టుతో తిప్పితే వేటుకు బలం చాలదు, మోచేతినుంచి తిప్పాలన్నాడు. ఆయన పద్ధతిని దెల్ ఫ్రాతె అనే సైనికోద్యోగి 1868లో గ్రంథస్థం చేశాడు, సైన్యం ఆదరించింది. నేపుల్సువారు మాత్రం ఒప్పుకోలేదు. 1882లో రడయెల్లి పోయాడు. తరవాత నేపుల్సువాడైన మసానియెల్లొ పరీజె గ్రంథం నెగ్గింది. రోములో కొత్తగా పెట్టిన శిక్షణాలయానికి ఆయనే అధిపతి అయ్యాడు.

మరి ఓడిన విద్య మాసిపోయిందా? లేదు. రడయెల్లి బాటలో నడిచిన బర్బసెత్తి 1894లో ఆస్ట్రియా వెళ్ళాడు. శాంతెల్లి అనే మరో ఇటలీ గురువు 1896లో బుడాపెస్టు చేరాడు. ఆపైన హంగరీవారు 1908 నుంచి 1964 దాకా, తాము పాల్గొన్న ప్రతి ఒలింపిక్సులోనూ సేబర్ వ్యక్తిగత స్వర్ణం పట్టుకుపోయారు! విద్యకు పుట్టినిల్లంటూ లేదు; ఆదరించిన ఇల్లే దాని ఇల్లు.

ఇంతకీ ఈ కథ మన గుమ్మందాకా వచ్చింది. భవానీదేవి తండ్రిగారిది సామర్లకోట. ఆమె పుట్టి పెరిగింది చెన్నైలో. కత్తులు ఖరీదని వెదురుకర్రలతో సాధన చేసి, చివరకు ఇటలీలోని లివొర్నో వెళ్ళి ఆ దేశపు గురువు దగ్గరే నేర్చుకుంది. 2021లో టోక్యో ఒలింపిక్సులో మన దేశం తరఫున కత్తి పట్టిన మొదటి మనిషి ఆమే. తొలి పోటీ 15-3తో గెలిచింది; మలిపోటీలో 7-15తో ఓడింది. అయితేనేం, దారి పడింది.

మొన్న ఆ తండ్రి మళ్ళీ వచ్చాడు. "బిడ్డకు చెప్పిండ్రా సార్?"

"మీ అమ్మాయికి కాదండీ, మీకే చెప్పాలి. కూర్చోండి" అని ఇదంతా చెప్పాను. చాలాసేపు పలకలేదు. లేవబోతూ, "నేర్పేటోళ్ళు పట్నంల ఉన్నరా సార్? ఖర్చెంతైతదో?" అన్నాడు.

కనుక్కుని చెబుతానన్నాను. ఈసారి మాట తప్పను.