ఓట్స్ బిస్కెట్టు నేర్పిస్తారంట, మరి మన కొర్రలు ఏం పాపం చేసినాయి?

అన్నలారా, అక్కలారా, ఈ పోస్టు కొంచెం పొడుగుంటాది. పొద్దున శెనక్కాయ చేనికి పోయే ముందు చదవొద్దు, మధ్యాన్నం చెట్టు కింద కూర్చున్నప్పుడు చదవండి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివినాక తిట్టండి.

పోయిన వారం మా ఊర్లో ఆడోళ్ళ సంఘానికి ఒక ట్రైనింగు పెట్టినారు. ఎవరు పెట్టినారో పేరు వద్దులే, వచ్చిన మేడమ్ మంచామె, ఓపిగ్గా చెప్పింది. నా గొడవ ఆమెతో కాదు. నేర్పించింది ఏందంటే "వీగన్ ఓట్స్ కిస్మిస్ కుకీస్". ఇంట్లోనే చేసి బెంగుళూరుకు అమ్ముకోవచ్చంట. మా పాప కూడా పోయింది. సాయంత్రం ఒక చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఓట్స్ ప్యాకెట్టు, మైదా, మార్జరిన్, బ్రౌన్ షుగర్, వెనిల్లా ఎసెన్సు, కిస్మిస్. ఇవన్నీ అనంతపురం టౌన్ నుంచి తేవల్ల. ఓవెను మాత్రం సంఘం లోనుతో తీసుకోవచ్చంట.

ఆ చీటీ పట్టుకొని నేను మా ఇంట్లో ఉన్నవి లెక్కేసినా. గాదె పక్కన రెండు మూటలు కొర్రలు. అటక మీద రాగులు. కల్లంలో నుంచి తెచ్చిన శెనక్కాయలు. బెల్లం అచ్చులు. పెరట్లో అరటి గెల. ఆ చీటీలో ఉన్న వాటిల్లో ఒక్కటంటే ఒక్కటి మా ఇంట్లో లేదు, మా ఇంట్లో ఉన్న వాటిల్లో ఒక్కటి ఆ చీటీలో లేదు. నాకు మండింది అక్కడే.

ముందు "వీగన్" మాట తేల్చుకుందాం, ఎందుకంటే ఆ పేరు చెప్పగానే మనోళ్ళు కొందరు నవ్వుతారు, కొందరు బెదురుతారు. పాలు, నెయ్యి, గుడ్డు, తేనె ఏదీ లేకుండా చేసే తిండి. అంతే. మా జేజి చేసిన శెనక్కాయ ఉండలు ఏంటివి? నువ్వుల ఉండలు ఏంటివి? శెనక్కాయ, బెల్లం. నువ్వులు, బెల్లం. కరువు ఏండ్లల్లో పాలిచ్చే గొడ్డును అమ్ముకున్న ఇంట్లో నెయ్యి యాడిది? మనం ఆ పేరు తెలియకుండానే సగం వీగన్లం. నేను మాత్రం వీగన్ కాను, ఒక ఆవు ఉంది, పాలు డెయిరీకి పోస్తా, పండగకు కోడి కోస్తా. కానీ ఎవరికైనా పాలు గుడ్లు లేని బిస్కెట్టు కావాలంటే, దాన్ని చేసే చెయ్యి మనది, సరుకు మనది. దానికి ఓట్స్ ఏంటికి?

ఓట్స్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. దాంట్లో ఉండే బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్ట్రాల్ తగ్గించేదానికి సాయం చేస్తుందనేది నిజం. కానీ అది చలి దేశం పంట. మన దేశంలో ఉత్తరాదిన చలికాలంలో వేస్తారు, అది కూడా ఎక్కువగా గొడ్ల మేతకు. డబ్బాల్లో తినే ఓట్స్ చాలావరకు ఆస్ట్రేలియా నుంచి వస్తాది. మన ఎర్రనేలలో, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని చోట, అది మొలిచే పంట కాదు. సరే, మొలవకపోతే కొనుక్కొని తింటాం అనుకుందాం. కానీ ఆ ఓట్స్‌లో మైదా, మార్జరిన్, చక్కెర కలిపినాక ఆరోగ్యం అనే మాట యాడుంటాది? ఓట్స్ పేరు మీద మైదా తింటున్నాం.

ఆ బ్రౌన్ షుగర్ సంగతి కూడా చెప్తా. చానా కంపెనీలు తెల్ల చక్కెరకు దాన్నుంచి తీసిన మడ్డిని మళ్ళీ కొంచెం కలిపి అమ్ముతారు. తీసింది వాళ్ళే, కలిపింది వాళ్ళే, రేటు మాత్రం రెండింతలు. బెల్లంలో ఆ మడ్డిని ఎవరూ తీయలేదు కదప్పా! మార్జరిన్ అంటే గట్టిపడేలా చేసిన నూనె, దాంట్లో చానా వరకు పామాయిలు. ఇండోనేషియా, మలేషియా నుంచి ఓడల్లో వచ్చే పామాయిలు. దేశానికి శెనక్కాయ నూనె ఇచ్చిన జిల్లా మనది. మన ఊరి అంగట్లో ఈరోజు ఎక్కువగా పోయే నూనె ఏంటిదో ఒకసారి అడిగి రండి. నేను అడిగినా. సిగ్గేసింది. మా ఇంట్లో కూడా పోయిన ఏడాది దాకా అదే.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం శెనక్కాయకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధర మన చేతికి వచ్చిందా లేదా అనేది వేరే పోస్టు. వచ్చిందనే అనుకుందాం. క్వింటాలు కాయలు వొలిస్తే మంచి పంటయితే 70 కిలోల దాకా గింజలు. అంటే కిలో గింజ నూరు రూపాయల పైచిలుకు. అదే గింజను వేయించి, రుబ్బి, అరకిలో డబ్బాలో పోసి పీనట్ బటర్ అని అమ్ముతున్నారు. టౌన్‌కు పోయినప్పుడు ఆ డబ్బా రేటు మీరే చూసి రండి. దుక్కి దున్నింది మనం, అప్పు తెచ్చింది మనం, వాన కోసం మొగులు చూసింది మనం. రుబ్బినోడు మాత్రం మన కన్నా ఎక్కువ తింటాడు. అలాంటి జిల్లాలో మన ఆడపిల్లలకు బిస్కెట్లలో మార్జరిన్ వేయమని నేర్పుతున్నారు. రుబ్బిన శెనక్కాయ ముద్ద కంటే మంచి కొవ్వు బిస్కెట్టుకు ఇంకేం కావల్ల?

కొర్రల కథ ఇంకా అన్యాయం. 2023ను ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. మన దేశం అడిగితేనే ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. బడ్జెట్‌లో "శ్రీ అన్న" అని పేరు పెట్టినారు. పేరు బాగుంది. కానీ కేంద్రం మద్దతు ధర ఇచ్చే పంటల్లో జొన్న ఉంది, సజ్జ ఉంది, రాగి ఉంది. కొర్ర లేదు, సామ లేదు, అరికె లేదు. శ్రీ అని పిలిచి ధర చెప్పకపోతే, పెండ్లికి పిలిచి ఆకు వేయనట్టే.

"అయితే నువ్వు ఎన్ని ఎకరాల్లో కొర్ర వేసినావు?" అని అడుగుతారు. అడగల్ల కూడా. రెండెకరాలు. మిగతాదంతా శెనక్కాయే. ఎందుకంటే రెండు కారణాలు, దాచుకోను. ఒకటి, పిట్టలు. ఊర్లో నేనొక్కడినే కొర్ర వేస్తే చుట్టుపక్కల పిట్టలన్నీ నా చేన్లోనే. యాభై మంది వేస్తే ఆ నష్టం అందరికీ పంచుకుపోతాది, ఒక్కడు వేస్తే ఆ ఒక్కడు మునుగుతాడు. రెండోది, పొట్టు. మా జేజి కొర్రలు రోట్లో పోసి దంచేది. చేతులు బొబ్బలెక్కేవి. పాత తిండి గొప్పది అని మాట్లాడే మగోళ్ళలో ఒక్కడైనా ఆ రోకలి పట్టుకున్నాడా? రేషన్ బియ్యం వచ్చినాక ఆడోళ్ళు కొర్రను వదిలేసినారంటే తప్పు వాళ్ళది కాదు. ఆ రోకలి వదిలిపోయిందని వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు.

అందుకే నేను చెప్పేది ఇది. సంఘానికి లోను ఇచ్చేటట్టయితే ఓవెను కాదు, కొర్రల పొట్టు తీసే మిషను, శెనక్కాయ రుబ్బే మిషను అడగండి. బిస్కెట్టు కాల్చేదానికి ఓవెను లేకపోయినా జరుగుతాది. పొట్టు తీయకుండా ఏదీ జరగదు.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్ళు 1990 నుంచి పని చేస్తున్నారు. 2008లో మొదలైన ధరణి సహకార సంఘంలో రైతులే సభ్యులు, చిరుధాన్యాలు, శెనక్కాయ కొని, శుద్ధి చేసి, ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నారు. మన పక్కనే. ఇది కాని పని కాదు, అయ్యి చూపించిన పని.

ఇప్పుడు "కొర్రపిండితో బిస్కెట్టు నిలబడదు, పొడిపొడి అవుతుంది" అనేవాళ్ళకు. నిజమే. మా ఇంట్లో మొదటి విడత అచ్చం ఇసుక మాదిరి రాలిపోయింది. మా ఇంటామె రెండు రోజులు నవ్వింది. గోధుమలో ఉండే జిగురు కొర్రలో, రాగిలో లేదు. ఓట్స్‌లోని పీచు నీళ్ళు పీల్చి పట్టుకుంటాది, మన పిండి పట్టుకోదు. ఆ జిగురు మనమే ఇయ్యల్ల. మాగిన అరటిపండు ఇస్తాది, శెనక్కాయ ముద్ద ఇస్తాది, బెల్లం ఇస్తాది. మూడో విడతకు కుదిరిన కొలత చెప్తా, రాసుకోండి.

కొర్రపిండి ఒక గ్లాసు, రాగిపిండి అర గ్లాసు. రెండూ సన్న సెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించుకోవల్ల. జొన్న అటుకులు అర గ్లాసు, ఓట్స్ మాదిరి నోటికి తగిలేదానికి. వేయించి పొట్టు తీసి మెత్తగా రుబ్బిన శెనక్కాయ ముద్ద అర గ్లాసు. తురిమిన బెల్లం ముక్కాలు గ్లాసు. బాగా మాగిన అరటిపండు ఒకటి. గానుగ శెనక్కాయ నూనె రెండు స్పూన్లు. చిటికెడు ఉప్పు, కాలు స్పూను వంటసోడా, రెండు యాలకులు. కిస్మిస్ ఒక పిడికెడు. కిస్మిస్ మహారాష్ట్ర సాంగ్లి దిక్కు నుంచి వస్తాది, ఆ ద్రాక్ష రైతు కూడా మనలాంటోడే, ఆయన మీద నాకేం కోపం లేదు. అది కూడా వద్దంటే గింజ తీసిన ఎండు రేగిపండ్లు వేయండి, పులుపు తగిలి ఇంకా బాగుంటాది.

ముందు బెల్లం, అరటిపండు, శెనక్కాయ ముద్ద, నూనె బాగా కలిపి, తర్వాత పిండి వేయల్ల. ఎండిపోయినట్టుంటే ఒకటి రెండు స్పూన్ల నీళ్ళు. అరగంట మూత పెట్టి ఉంచితే పిండి నానుతుంది, ఇది మాత్రం మానొద్దు. చిన్న ఉండలు చేసి, వేలు మందంలో సగానికి వత్తి, నూనె రాసిన ప్లేట్లో పెట్టండి. పాత మందపాటి గిన్నెలో అంగుళం మందం ఉప్పు గానీ, కడిగి ఎండబెట్టిన ఇసుక గానీ పోసి, ఒక స్టాండు పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు వేడి చేసినాక ప్లేటు దించి, సన్న సెగ మీద ఇరవై నిమిషాలు. తీసినప్పుడు మెత్తగుంటాయి, కాలలేదని మళ్ళీ పెట్టొద్దు, చల్లారితే గట్టిపడతాయి.

రెండు జాగ్రత్తలు. ఒకటి, శెనక్కాయ గింజలు ఏరుకోండి. ముడుచుకున్నవి, నల్లబడినవి, బూజు వాసన ఉన్నవి అవతల పారేయండి. పంట చివర్లో బెట్ట తగిలినప్పుడు, కాయలు తడిగా మూట కట్టినప్పుడు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది వేయించినా పూర్తిగా పోదు. మన జిల్లా కాయకు ఉండే పెద్ద గండమే అది. అమ్మేదానికి మంచివి, మన పిల్లలకు తాలుగింజలు అనే అలవాటు ఉంది చూడండి, అది ఈరోజే మానల్ల. రెండోది, పిండి ఒకేసారి ఎక్కువ పట్టించుకోవద్దు. చిరుధాన్యాల పిండి నిలవుంటే చేదెక్కుతుంది, సజ్జపిండి ఇంకా తొందరగా.

ఇంగ చివరి ప్రశ్న: "బెంగుళూరోళ్ళు ఓట్సే అడుగుతారు కదా?" అడగనీ. ఓట్స్ బిస్కెట్టు చేసే పెద్ద కంపెనీలు యంత్రాలతో గంటకు టన్నుల లెక్కన చేస్తాయి. మా పాప టౌన్ నుంచి రీటైల్ రేటుకు ఓట్స్ కొని, సంఘం ఓవెన్‌లో కాల్చి, వాళ్ళతో పోటీ పడుతుందా? మొదటి నెలలోనే మునుగుతుంది, లోను కంతు మాత్రం ఏ నెలా ఆగదు. వాళ్ళ దగ్గర లేనిది, మన దగ్గర ఉన్నది ఒక్కటే: ఏ చేన్లో పండిందో, ఎవరు రుబ్బినారో చెప్పగలిగే కొర్ర, శెనక్కాయ. కానీ బెంగుళూరు సంగతి తర్వాత. ముందు మన ఇంటి పిల్లోడు బడినుంచి రాగానే ఐదు రూపాయల మైదా ప్యాకెట్టు కోసం అంగటికి పరిగెత్తకుండా ఉండల్ల. బడిలో రాగిజావ, శెనక్కాయ చిక్కీ పెడుతున్నారు. బడి ఆపాటి చేస్తుంటే, పండించే ఇంట్లో మనం చేయలేమా?

మన నోటితో మనం తినని పంటను ఎవడూ మంచి రేటుకు కొనడు. ఇంట్లో డబ్బా నిండితే కొర్రకు ఊర్లోనే గిరాకీ వస్తాది, గిరాకీ వస్తే నలుగురు వేస్తారు, నలుగురు వేస్తే పిట్టల బాధ పంచుకుపోతాది. 80, 90 రోజుల పంట, శెనక్కాయ కన్నా నెల ముందే చేతికి వస్తాది. వాన మోసం చేసిన ఏడాది తిండి గింజలైనా మిగుల్తాయి, గొడ్లకు కసువు మిగుల్తాది.

వచ్చే గురువారం ఆ మేడమ్ మళ్ళీ వస్తుందంట. మా పాప ఈసారి చీటీ తీసుకొని పోవడం లేదు, డబ్బా తీసుకొని పోతాంది. మీ ఊర్లో కూడా ఇట్లాంటి ట్రైనింగు పెడితే మీ ఇంటి ఆడోళ్ళతో ఒక్క మాట అడిగించండి: "మా చేన్లో పండేదాంతో ఎట్ల చేయల్లో చెప్తారా?" అని.

కొర్ర విత్తనం కావలసినవాళ్ళు, పొట్టు మిషను కోసం అర్జీ పెట్టేదానికి కలిసొచ్చేవాళ్ళు కింద మీ ఊరి పేరు రాయండి. పది ఊర్లయితే అందరం కలిసి పోయి అడుగుదాం.