తప్పు చచ్చినవాడిదేనా?

హవాయి దీవుల్లో ఎవరినో అల లాక్కుపోయిందని వార్త వస్తే చాలు, అందరి నోటా ఒకటే మాట. "అంత పెద్ద బోర్డు పెట్టారు కదా, చదువుకోలేదా? చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత." సెలవులకు అక్కడికి వెళ్ళొచ్చే మన అమెరికా తెలుగువాళ్ళలోనూ ఈ మాట అనేవాళ్ళున్నారు. ఇది తప్పుడు మాట, జాలిలేని మాట. దీన్ని నమ్మినంత కాలం అక్కడ చావులు ఆగవు.

ఒవాహు దీవి ఆగ్నేయ తీరంలోని హలోనానే తీసుకోండి. కలానియానవోలే హైవే పక్కనే పార్కింగు, దాని అంచున పిట్టగోడ, కింద నల్లరాయి. రాతి అడుగునున్న సొరంగంలోకి అల దూసుకొస్తే, పైనున్న కంతలోంచి నీళ్ళు ముప్పై అడుగుల దాకా చిమ్ముతాయి. పక్కనే చిన్న ఇసుక ఒడ్డు. 1953 నాటి 'ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ' సినిమాలో బర్ట్ లాంకాస్టర్, డెబొరా కెర్ అలల్లో తడుస్తూ కౌగిలించుకున్నది అక్కడే. బండి ఆపుకోవడానికి జాగా ఇచ్చి, మ్యాపులో పేరు రాసి, సినిమా కథ చెప్పి రమ్మన్నాక, గోడ దాటినవాడొక్కడినే దోషిని చేయడం ఏం న్యాయం?

పైగా ఈ ప్రమాదం కంటికి కనబడేది కాదు. పెద్ద అలలు జట్లుగా వస్తాయి. జట్టుకూ జట్టుకూ మధ్య నిమిషాల తరబడి సముద్రం అణిగి ఉంటుంది. సరిగ్గా అప్పుడే వచ్చి కిందికి దిగిన కుటుంబానికి తడి రాయి తప్ప వేరే గుర్తు ఉండదు. ఆ తడి ఏం చెబుతోందో కొత్తవాళ్ళకు ఎలా తెలుస్తుంది? వాతావరణ సూచనల్లో చెప్పే అల ఎత్తు కూడా, పెద్దవైన మూడోవంతు అలల సగటు మాత్రమే. ఒక్కో అల అందుకు రెట్టింపు రావచ్చు. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరాన తుపాను లేపిన అల, ఇక్కడ ఎండ కాస్తుండగా వచ్చి రాతిని మోదుతుంది. పడినవాడు ఈతగాడైనా ఎక్కి రావడానికి పట్టు దొరకదు. వచ్చే ప్రతి అలా అతన్ని మళ్ళీ రాతికే కొడుతుంది.

2002లో కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఓ కుర్రాడు హలోనాలో ఆ కంత మీద నిలబడ్డాడు. ఎగజిమ్మిన నీరు అతన్ని లేపి కంతలోకే పడేసింది. 2011లో మావీ దీవిలోని నకలేలే దగ్గర, ఇలాంటి కంతే చిమ్మిన జల్లులో తడుస్తున్న మనిషిని వెనక్కి మళ్ళిన నీరు లోపలికి లాగేసింది. ఇద్దరూ చేసింది ప్రమాదకరమైన పనే, కాదనను. కానీ వయసు దుడుకుకు, కాసేపటి ముచ్చటకు చావే తగిన శిక్ష అని ఏ ధర్మం చెప్పింది?

ఇక బోర్డు సంగతి. ప్రభుత్వ బీచ్ పార్కుల్లో సముద్ర ప్రమాదాల గురించి నిబంధనల ప్రకారం బోర్డు పెడితే, హెచ్చరిక సరిపోయినట్టే లెక్క అని హవాయి 1996లో చట్టం చేసింది. కోర్టులో ప్రభుత్వానికి అది అండ. రాతి మీదున్న మనిషికి మాత్రం అది చాలదు. ఏడాది పొడవునా ఒకే బొమ్మ చూపే బోర్డు, ఇవాళ సముద్రం ఎలా ఉందో చెప్పలేదు.

ఈ రాళ్ళను క్షుణ్ణంగా ఎరిగిన వాళ్ళు కూడా ఇక్కడ పోయారు. ఆ తీరంలో గాలం వేసే జపాన్ సంతతి వాళ్ళు తమవాళ్ళను పోగొట్టుకున్నారు. 1930లలో హొనొలులు జపనీస్ కాస్టింగ్ క్లబ్ ప్రమాదకరమైన చోట్ల హెచ్చరిక గుర్తులు నాటింది, హలోనా దగ్గర సముద్రం నుంచి కాపాడే జిజో అనే బౌద్ధ రక్షకుడి విగ్రహం నిలిపింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అది ధ్వంసమైతే, తర్వాత అదే రూపాన్ని రాతి మీద చెక్కించింది. పోయినవాళ్ళను తిట్టి ఊరుకోలేదు. ఉన్నవాళ్ళను కాచుకున్నారు.

చోటు మూసేయమని నేననడం లేదు. జనం వచ్చే వేళల్లో సముద్రం తెలిసిన మనిషి ఒకరు పార్కింగులో నిలబడి చెప్పాలి. ఏ రోజు పరిస్థితి ఆ రోజు రాసి పెట్టాలి. కవాయి దీవిలో తీరం వెంట స్తంభాలకు రక్షణ ట్యూబులు తగిలించారు. దారిన పోయేవాళ్ళెవరైనా తీసి వాడవచ్చు. అవి ప్రతి లుకౌట్ దగ్గరా ఉండాలి.

మీరు వెళ్తే గోడకు ఇవతలే నిలబడండి. తడి రాతి మీద అడుగు పెట్టకండి, సముద్రానికి వీపు తిప్పకండి. ఎవరైనా పడితే వెంట దూకకుండా 911కి ఫోన్ చేయండి. పిల్లలతో కిందికి దిగుతున్నవాళ్ళు కనబడితే మొహమాటపడకుండా కేకేసి వెనక్కి పిలవండి.