ఆఫర్ లెటర్‌లో ‘వైన్’ అని ఉంటే?

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు ఉంటే లోపల దొరికేది విస్కీ, బ్రాందీ, బీరు. అసలైన వైన్ అడిగితే షాపతను పై అరలో దుమ్ము పట్టిన సీసా కోసం వెతకాలి. ఆ బోర్డులు చూస్తూ పెరిగాం కాబట్టి ‘వైనరీలో ఉద్యోగం’ అనగానే మన ఇళ్లలో కళ్ల ముందుకొచ్చేది ఆ షాపు ముందు క్యూనే.

ఈమధ్య నాసిక్‌లో ఒక వైనరీ టూర్‌కి వెళ్లాను. నాసిక్ మనకు కొత్తేం కాదు. గోదావరి పుట్టే త్ర్యంబకేశ్వరం ఆ పక్కనే. షిర్డీ వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది అటు కూడా వెళ్లొస్తారు. ఊరి బయట గంగాపూర్ డ్యామ్ వైపు వెళ్తే ద్రాక్షతోటలు, వాటి మధ్య వైనరీలు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన సూలా ఇక్కడిదే. వాళ్ల తొలి వైన్ 2000లో వచ్చింది. సందర్శకుల కోసం టేస్టింగ్ రూమ్ 2005లో తెరిచారు. ఆ తర్వాత మరికొన్ని వైనరీలు కూడా టూర్లు మొదలుపెట్టాయి.

నేను వెళ్లినచోట గైడ్‌కి పాతికేళ్లు కూడా ఉండవు. మా గుంపులో కొత్తగా పెళ్లైన జంట, ఐదుగురు ఐటీ ఉద్యోగులు, అసలు ముట్టని ఒక పెద్దాయన ఉన్నారు. ముందు తోటలోకి తీసుకెళ్లాడు. వైన్ ద్రాక్ష మనం తినే రకం కాదని, గింజ, మందమైన తొక్క ఉంటాయని, పక్వానికి వచ్చేసరికి బాగా తియ్యగా ఉంటుందని గుత్తి పట్టుకుని చూపించాడు. తర్వాత తొడిమలు వేరుచేసే యంత్రం, స్టీలు ట్యాంకులు, ఓక్ చెక్క పీపాలు. రెడ్ వైన్‌ని తొక్కతో కలిపి పులియబెడతారు, వైట్‌కి రసం పిండి తొక్క తీసేస్తారు. ఈ ఒక్క ముక్కని అతను మూడు రకాలుగా చెప్పాడు: పెద్దాయనకి ఒకలా, ఐటీ వాళ్లకి ఒకలా, ఫోన్ చూసుకుంటున్న కొత్త పెళ్లికొడుక్కి ఒకలా. మీరు క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం నేర్చుకునే ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అంటే ఇదేనండీ. అతను అదే పని రోజుకి నాలుగైదుసార్లు చేస్తున్నాడు.

టేస్టింగ్ దగ్గర ఇంకో సంగతి గమనించాను. గ్లాసు కాడ పట్టుకుని వంచి రంగు చూడాలి, తిప్పి వాసన చూడాలి, చిన్న గుక్క నోట్లో తిప్పాలి. ఆ తర్వాత మింగక్కర్లేదు. ఉమ్మడానికి పక్కనే పాత్ర ఉంటుంది. వృత్తిగా రుచి చూసేవాళ్లు చేసేది అదే, లేకపోతే పదో గ్లాసుకి నాలుక పనిచేయదు. రెడ్ వైన్ ఇచ్చి నోరు ఎండినట్టు ఎందుకుందో చెప్పమన్నాడు గైడ్. ఎవరికీ మాట దొరకలేదు. నేను ‘వగరు’ అన్నాను. అతను నవ్వి, తెలుగులోనే అన్నాడు: “కరెక్ట్ అన్నా, నేరేడు పండు తిన్నట్టు.”

నిజామాబాద్ అబ్బాయి. మైక్రోబయాలజీలో బీఎస్సీ. టానిన్ గురించి ఇంగ్లిష్‌లో పేరా అంత చెబితే తప్ప అర్థం కానిది మనకి వక్క, నేరేడు, పచ్చి అరటికాయ పుణ్యమా అని ఒక్క మాటలో వచ్చేస్తుంది. షడ్రుచులు తెలిసిన నాలుక మనది, ఈ రంగంలో అదీ ఒక అర్హతే.

టూర్ అయ్యాక అడిగాను, ఇంట్లో ఏమన్నారని. “రిసార్ట్‌ల చేస్తున్నా అని చెప్పిన అన్నా. వైన్ అంటే మా అమ్మ ఊకోదు.”

వాళ్లమ్మని తప్పుపట్టలేను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగితే అది రాష్ట్రమంతా పాకిందంటే, తాగుడు ఎన్ని ఇళ్లు కూల్చిందో ఊహించుకోండి. మీ ఇంట్లోనూ అలాంటి కథ ఉండొచ్చు. ఆ కారణంతో మీరు ఈ ఉద్యోగం వద్దనుకుంటే అది గౌరవించాల్సిన నిర్ణయం. వైన్ కూడా మద్యమే, ఒంటికి మంచిదని చెప్పి అమ్మే మాటలు నేను నమ్మను. నా అభ్యంతరం వేరే. ఆ పనేంటో తెలుసుకోకుండానే అగ్రికల్చర్, మైక్రోబయాలజీ, హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలు ‘అమ్మో వైనా’ అని మెయిల్ డిలీట్ చేస్తున్నారు. ఇంకొందరు చేరి, దాచిపెడుతున్నారు. దాచడం నాకు అసలు నచ్చలేదు. మంచి పనిని కూడా అది దొంగపనిలా మార్చేస్తుంది.

తోటలో కత్తిరింపుల నుంచి ల్యాబులో పీహెచ్, ఆమ్లం పరీక్షల దాకా గ్లాసు ముట్టే అవసరం లేని పనులు బోలెడు. ద్రాక్ష మీదే పరిశోధన చేయాలనుంటే పుణె దగ్గర మంజరిలో జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. గైడ్, సొమెలియర్ వైపు వెళ్లాలంటే లండన్‌కి చెందిన డబ్ల్యూఎస్ఈటీ కోర్సులు మన దేశంలోనూ చేయొచ్చు, ఫీజు మాత్రం తేలిక కాదు. సొంత డబ్బుతో ముందే చేయకండి. ఉద్యోగంలో చేరాక కంపెనీ భరిస్తుందేమో అడగండి.

కష్టాలూ ఉన్నాయి. శని, ఆదివారాలు మీకు సెలవు ఉండదు. రోజంతా నిలబడాలి. ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా, జనం ఎగబడేదీ అప్పుడే. ఎండాకాలంలో, వానల్లో మీ జీతం సంగతేంటో ఇంటర్వ్యూలోనే అడగాలి. తోటలు ఊరికి దూరం కాబట్టి రాత్రి తిరిగి వెళ్లే బండి ఎవరిదో, ఉండడానికి గది ఇస్తారో లేదో కూడా అడగండి. అమ్మాయిలైతే మరీ ముఖ్యంగా. రుచి చూడడం తప్పనిసరా అని మొహమాటం లేకుండా అడగండి. మహారాష్ట్రలో వైన్‌కి కనీస వయసు 21 కాబట్టి డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకి ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది.

ఇక ఇంట్లో చెప్పడం. చేరాక కాదు, చేరకముందే చెప్పండి. రోజంతా ఏం చేస్తారో వివరంగా చెప్పండి, ఆ ఉమ్మే పాత్రతో సహా. గొడవ అవుతుంది, కానివ్వండి.

మొన్న ఆ నిజామాబాద్ అబ్బాయికి ఫోన్ చేశాను. ఇంకా చెప్పలేదట. శ్రావణంలో వాళ్లమ్మ త్ర్యంబకేశ్వరం వస్తానంటోందట, పనిలో పనిగా ‘రిసార్ట్’ కూడా చూస్తుందట.