వేడి సరే... వేలిముద్రలెవరివి?

వేసవి వచ్చిందంటే చాలు, ఫ్యామిలీ గ్రూపుల్లో ఓ ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. 'భూమి ఎప్పుడూ మారుతూనే ఉంది. ఒకప్పుడు మంచుయుగం, ఇప్పుడు ఎండలు. మనుషుల వల్లే అనడం విదేశీ కుట్ర' అని. చదివి నవ్వుకుని వదిలేసేవాళ్లు కొందరు, నమ్మి ఇంకో పది గ్రూపుల్లో వేసేవాళ్లు కొందరు. నా మటుకు నాకు అది జవాబు చెప్పాల్సిన ప్రశ్నే అనిపిస్తుంది. ఎందుకంటే అందులో సగం నిజం ఉంది.

భూమి వాతావరణం మారుతూనే వచ్చింది, కాదనలేం. అలాగే వేసవిలో కరెంటు బిల్లు పెరగడం కూడా మామూలే. కానీ ఒక్క నెలలో నాలుగింతలైతే 'బిల్లులు ఎప్పుడూ ఇంతే' అని ఊరుకుంటామా? ఏ గదిలో ఏం తిరుగుతోందో చూస్తాం. ఇక్కడా అదే చేద్దాం.

ముందు మీటర్ రీడింగ్. హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ 1958లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్లలో దాదాపు 315. ఇప్పుడు 420 దాటేసింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాతకాలపు గాలి బుడగల్ని పరీక్షిస్తే 8 లక్షల ఏళ్ల లెక్క దొరికింది. ఫ్యాక్టరీలు రాకముందు అంత కాలంలో ఎన్నడూ ఈ దరిదాపులకు కూడా రాలేదు.

'సరే, పెరిగింది. మన పొగే అని గ్యారంటీ ఏంటి?' అంటారా. నాకు బాగా నచ్చే సంగతి ఇదే. గాలిలోని కార్బన్‌లో అతి కొద్దిగా కార్బన్-14 అనే రకం ఉంటుంది. చెట్టులో, మనలో కూడా ఉంటుంది. ప్రాణం పోయాక అది తరిగిపోతూ 5,730 ఏళ్లకు సగమవుతుంది. బొగ్గు, పెట్రోలు కోట్ల ఏళ్ల కిందటి జీవాల నుంచి వచ్చినవి కాబట్టి వాటిలో అది దాదాపు మిగలదు. వాటిని కాలుస్తూ పోతే గాలిలో కార్బన్-14 పాలు నీళ్లు కలిపిన పాలలా పలచబడాలి. హాన్స్ సూయెస్ 1950ల్లో చెట్ల వలయాల్లో సరిగ్గా అదే కనిపెట్టాడు. అగ్నిపర్వతాల పొగలోనూ కార్బన్-14 ఉండదుగా అనొచ్చు. నిజమే, కానీ అవి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు.

మరి సూర్యుడు? ఆయనే కారణమైతే వాతావరణం కింద నుంచి పైదాకా వేడెక్కాలి. జరుగుతున్నది వేరు. నేల దగ్గర వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే అవుతుందని సుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే లెక్కగట్టి చెప్పారు. మనాబేకి 2021లో నోబెల్ వచ్చింది.

ఇక కుట్ర సంగతి. కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు గొట్టం ఎండలో మామూలు గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుందని యూనిస్ ఫూట్ అనే అమెరికన్ మహిళ 1856లో చూపించింది. అంటే మన సిపాయిల తిరుగుబాటుకు ఏడాది ముందు. అప్పటినుంచీ కుట్ర నడుస్తోందంటే చాలా ఓపిక ఉన్న కుట్రే!

అయితే ఆ ఫార్వర్డ్ వెనక ఉన్న కోపం మాత్రం నాకు అర్థమవుతుంది. 'తగలబెట్టింది వాళ్లు, నీతులు మనకా?' అని. న్యాయమైన కోపమే. సగటున ఒక భారతీయుడి వాటా ఏడాదికి సుమారు 2 టన్నులైతే, అమెరికన్‌ది దానికి ఆరేడు రెట్లు. దెబ్బ మాత్రం ఎవరికి? 2015 మేలో వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి 2,000 మందికి పైగా పోయారు. అలాంటి ఎండల్లో నలిగేది ఎవరో మనకు తెలుసు. ఉపాధి పనికి వెళ్లినవాళ్లు, బండి మీద పార్సిళ్లు తిప్పేవాళ్లు, ఇంట్లో ఫ్యాన్ కూడా సరిగా తిరగని ముసలివాళ్లు. ఫలానా రోజు ఎండకి ఫలానా పొగే కారణమని చెప్పలేం. కానీ అలాంటి రోజులు ఎక్కువవడానికి కారణం ఆ పొగే.

అందుకే ఆ ఫార్వర్డ్ పంపే ముందు ఒక్కమాట ఆలోచించండి. 'ఇది మనుషుల పని కాదు' అని మనమే ఒప్పేసుకుంటే, ఎక్కువ కాల్చినవాళ్లని నష్టం కట్టమని ఏ మొహంతో అడుగుతాం? ప్రకృతి మీద కేసు వెయ్యలేం. మనుషులు చేసినదైతే మనుషుల్ని నిలదీయొచ్చు. మనుషులే దాన్ని తగ్గించనూ వచ్చు.