బ్రేక్ ఆయిల్‌తో క్రోమ్ పూత తీయడం మానేద్దాం

ప్లాస్టిక్ మోడల్ కిట్లు కట్టే మిత్రులకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ విజ్ఞప్తి



కారు కిట్టో మోటార్ సైకిల్ కిట్టో కొన్నవాళ్లకు ముక్కలు అంటుకుని ఉండే ఆ మెరిసే ఫ్రేము సంగతి తెలుసు. బంపర్లు, గ్రిల్లు, చక్రాల రిమ్ములు, సైలెన్సర్ గొట్టాలు తళతళలాడుతూ వేరే కవర్లో వస్తాయి. డబ్బా విప్పినప్పుడు చూడముచ్చటగానే ఉంటాయి. అతికించబోతేనే చిక్కు. ప్లాస్టిక్ సిమెంటు పాలీస్టైరీన్‌ను కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఏకం చేస్తుంది. నడుమ పూత ఉంటే అది పట్టదు. సైలెన్సరేమో నిలువునా రెండు చెక్కలుగా వస్తుంది. అంచులు గీకి అతికిస్తే పొడవునా అతుకు గీత కనిపిస్తుంది, ఆ గీతను ఉప్పుకాగితంతో రుద్దితే చుట్టూ పూత లేచిపోతుంది. "అతికే చోట పూత తీసేయండి" అని కిట్టులోని సూచనల కాగితం ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది. అందుకే పని మీద శ్రద్ధ ఉన్నవాళ్లు పూత మొత్తం వదిలించి, అతికించి, నునుపు చేసి, మళ్లీ తామే రంగు వేసుకుంటారు. అలా చేయడమే మేలు. అయితే ఆ పూతను దేనితో వదిలిస్తున్నారన్నదే ఈ కరపత్రం రాయడానికి కారణం.

చేతులు మారుతూ వచ్చిన పాత చిట్కా బ్రేక్ ఆయిల్. రాత్రంతా నానబెడితే పూత ఊడుతుంది, కాదనను. కానీ ఆ ద్రవంలో ముఖ్యంగా ఉండేవి గ్లైకాల్ ఈథర్లు. ఇవి చర్మం గుండా ఒంట్లోకి ఇంకగలవు. కొన్ని రకాల్లో డైఇథిలీన్ గ్లైకాల్ కూడా ఉంటుంది. 2022లో గాంబియాలో పసిపిల్లలు తాగిన దగ్గు మందుల్లో బయటపడి ప్రపంచాన్ని నివ్వెరపరిచిన రసాయనాల్లో అదొకటి. మూత్రపిండాలను పాడుచేస్తుంది. అలాంటిదాన్ని తిండి డబ్బాలో పోసి మంచం కింద దాచి, పని అయ్యాక సింకులో వంపేస్తున్నాం. రెండో చిట్కా సింకు పైపుల్లో వేసే కాస్టిక్ సోడా గుళికలు. వాటిని కలిపిన నీటి చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. బొమ్మ బంపరు కోసం ఇంత ముప్పు నెత్తికెత్తుకోనక్కరలేదు.

ఎందుకు అక్కరలేదో తెలియాలంటే ఆ పూత ఏమిటో తెలియాలి. పేరు క్రోమ్ గానీ, మామూలుగా అందులో క్రోమియం ఉండదు. అచ్చులోంచి వచ్చిన ఫ్రేముకు ముందు పల్చగా లక్క లాంటి వార్నిష్ కొడతారు, ఉపరితలం నున్నగా రావడానికి. తర్వాత దాన్ని గాలి తీసేసిన గదిలో పెట్టి, టంగ్‌స్టన్ తీగచుట్ట మీద అల్యూమినియాన్ని ఆవిరయ్యేదాకా కాలుస్తారు. ఆ ఆవిరి ముక్కల మీద ఒక మైక్రాను కన్నా పల్చని పొరగా పేరుకుంటుంది. దాని మీద మళ్లీ పారదర్శకమైన వార్నిష్. బంగారు రంగు కావాలంటే ఆ పై వార్నిష్‌లో పసుపు ఛాయ కలుపుతారు. అంటే మనం తీయాల్సింది గట్టి లోహపు తొడుగు కాదు, రెండు వార్నిష్ పొరల మధ్య ఇరుక్కున్న పిసరంత అల్యూమినియం. అల్యూమినియం క్షారానికి కరిగిపోతుంది.

ఇళ్లలో తెల్ల బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం క్షారమే. 2020లో కరోనా రోజుల్లో వీధుల్లో పిచికారీ చేసిన సోడియం హైపోక్లోరైట్ ఇందులో ఉండేదే. ముక్కలు మునిగేదాకా బ్లీచ్ పోస్తే, తాజా సరుకైతే కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లో మెరుపు మాయమవుతుంది. పై వార్నిష్ మందంగా ఉంటే ఇంకాస్త ఆగాలి. పాత్ర ప్లాస్టిక్‌దే కావాలి, వంటింటి అల్యూమినియం గిన్నె వద్దు. వాయువు పుడుతుంది కనుక మూత బిగించొద్దు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

బ్లీచ్‌ కూడా నిరపాయకరమేమీ కాదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇది: ఈ పని బాత్రూంలో చేయకండి. మన ఇళ్లలో గచ్చు కడగడానికి వాడే యాసిడ్ సీసా ఉండేది అక్కడే. టాయిలెట్ క్లీనర్లు చాలావాటిలో ఉండేదీ హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. నేల మీద మిగిలిన యాసిడ్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్లతోనూ బ్లీచ్ కలవకూడదు. డాబా మీదో పెరట్లోనో, గాలి ఆడేచోట, పిల్లలు దూరంగా ఉన్నప్పుడు చేయండి.

అల్యూమినియం పోయాక అడుగు వార్నిష్ మిగులుతుంది. దానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే వస్తుంది. బ్లీచ్ తడి మీద మాత్రం ఆల్కహాల్ పోయొద్దు. రెండూ కలిస్తే క్లోరోఫామ్ లాంటి విషాలు పుడతాయి. ముక్కల్ని ధారాళంగా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, వేరే డబ్బాలోకి మార్చాకే ఆల్కహాల్ తీయండి. దీపం, అగరొత్తి, గ్యాస్ పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు. తొందరపడి థిన్నరో అసిటోనో వాడితే పాలీస్టైరీనే కరిగిపోతుంది.

ఇంటి పెద్దలకు ఒక మాట. ఏ రసాయనాన్నీ కూల్‌డ్రింక్ సీసాలో పోయనివ్వకండి, డబ్బా మీద పేరు రాయించండి. కంట్లో పడితే పావుగంటకు తగ్గకుండా కుళాయి నీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవరైనా పొరపాటున తాగితే వాంతి చేయించకండి, 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117 గోడ మీద రాసిపెట్టుకోండి.

కొత్తవాళ్లకు పని నేర్పే అన్నలూ అక్కలూ ఇక బ్రేక్ ఆయిల్ చిట్కా చెప్పడం ఆపాలి. నలుగురు కలిసి కట్టేచోట పూత తీసే పని ఒకే రోజున, ఆరుబయట, తెలిసిన పెద్దవారి ఎదుట జరగాలి.

అసలు ఈ తంటా ముక్కాలు భాగం తయారీదారుల చేతిలోనే ఉంది. పూత అచ్చు పోశాక వేసేది. అదే అచ్చులోంచి పూత లేని ఫ్రేమూ వస్తుంది, కొత్త అచ్చు అక్కర్లేదు, పైగా ఒక పని తగ్గుతుంది. బందాయ్ కంపెనీ తన గన్‌డమ్ రోబో బొమ్మల కిట్లు కొన్నింటిని మామూలు రకంగానూ, పూత వేసిన రకంగానూ రెండు విధాలా అమ్ముతోంది. కార్ల, మోటార్ సైకిళ్ల కిట్లకూ ఆ వీలు ఉండాలి. కనీసం సూచనల కాగితంలో పూత దేనితో చేసిందో, దేనితో వదులుతుందో, దేన్ని దేనితో కలపకూడదో నాలుగు వాక్యాలు అచ్చేయాలి. ఈసారి కిట్టు కొనేటప్పుడు దుకాణదారుణ్ణి పూత లేని ఫ్రేము ఉందా అని అడగండి. లేదంటే, కావాలన్నారని పైకి తెలియజేయమని చెప్పండి, మీరూ తయారీదారుకు రెండు ముక్కలు రాయండి.